మూఢం పోనీ

మూఢం అనే మాట మునీశ్వరి పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉంది. పెళ్లిళ్లకు అడ్డమని తెలుసు, కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి అడ్డమని తెలుసు. గణిత సిద్ధాంతాలకు కూడా అడ్డమేనని మాత్రం రెండువేల మూడో సంవత్సరం ఆగస్టులో, కుప్పంలో రాజగోపాల్ సారు ఇంటి వరండాలో కూర్చున్నప్పుడు తెలిసింది.

ఆమె రాసిన పేపరు సారు ఇంట్లో దేవుడి గూటిలో ఉంది. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు, పైన గాలికి ఎగరకుండా ఒక వక్క. జూన్ ఆఖరుకే అది పూర్తయింది. అప్పుడు ఆషాఢం అడ్డొచ్చింది. ఆషాఢం పోగానే గురుమూఢం, శుక్రమూఢం కూడబలుక్కున్నట్టు ఒకేసారి దిగాయి. అవి వదిలేసరికి మహాలయ పక్షాలు. ఇక మిగిలింది విజయదశమి. పంచాంగం ఆ ఏడు పరిశోధనల మీద పగబట్టినట్టుంది.

సారు బెంగళూరులో ముప్పై ఏళ్లు పాఠం చెప్పి సొంతూరికి వచ్చేసిన మనిషి. సమాచార సిద్ధాంతంలో ఆయనకు తెలియనిది లేదు. ఒక కబురులో అనిశ్చితి ఎంత ఉందో దశాంశాల దాకా లెక్కగట్టి చెప్పగలరు. అంతటి మనిషి గోడ మీది క్యాలెండరు చూడనిదే చెప్పులు కూడా కొనరు. మునీశ్వరి ఒకసారి ధైర్యం చేసి అడిగితే, "నమ్మకం కాదమ్మా, జాగర్త," అన్నారు. జాగ్రత్తకు ఎవరు మాత్రం ఏమని ఎదురు చెబుతారు?

ఆ రోజు ఆమె ఒకే ఒక్క మాట చెప్పాలని బయల్దేరింది. "పంపేద్దాం సార్." అంతే. పుంగనూరులో బస్సెక్కి, పలమనేరు, వి.కోట దాటి కుప్పంలో దిగేదాకా ఆ మాటను నోట్లో నానబెట్టుకుంటూ వచ్చింది. కాపురం పుంగనూరులో, లెక్చరరు ఉద్యోగం మదనపల్లె దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో, పీహెచ్‌డీకి గైడు కుప్పంలో. ఆరేళ్లుగా ఆమె బతుకంతా ఆ బస్సు దారిలోనే నడుస్తోంది. పీహెచ్‌డీ గడువును ఇప్పటికే రెండుసార్లు పొడిగించుకుంది, మూడోసారి ఇవ్వరు. అచ్చయిన పేపరు చేతిలో లేనిదే థీసిస్ తీసుకోరు.

అయితే ఆమెను లోపల తొలుస్తున్నది గడువు కాదు. ఆ పేపరులో ఉన్న సంగతి భూమ్మీద ఆమెకంటే ముందు ఎవరికీ తెలియదు. వంటింట్లో గ్యాసు పొయ్యి ముందు, నేల మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టి గీతలు కలుపుకుంటూ ఉండగా దొరికింది అది. ఆ పూట సంగటి అడుగంటిపోతే అత్త గంగులమ్మ వచ్చి పొయ్యి ఆర్పింది. కోడలు నేల మీద కూర్చుని నవ్వుతూ ఉండడం చూసి, ఏమీ అనకుండా మాడినంత గీకి పారేసింది. ఆ సుఖం మునీశ్వరికి ఇంకా ఒంట్లోనే ఉంది. ఎవరైనా దాన్ని తనకంటే ముందు చెప్పేస్తారేమో అన్న భయం కూడా దానితోపాటే ఉంది.

వరండాలో సారు పెన్సిలు పట్టుకుని పేపరు నకలును మళ్లీ చదువుతున్నారు. రుజువులో మూడో మెట్టు దగ్గర పెన్సిలు ఆగింది.

"ఈడ 'స్పష్టం' అని రాసినావు. ఎవురికి స్పష్టమమ్మా?"

"చదివేవాళ్లకు సార్. పై వాక్యం నుంచి వచ్చేస్తుంది కదా."

"నీకు వచ్చేస్తుంది. చదివేవాడు నీ తలకాయలో కూర్చోని ఉండాడా? ఊహించుకోమని వదిలిపెట్టొద్దు. నోరు తెరిచి చెప్పల్ల."

ఆమె తల ఊపి ఆ ఒక్క మాట స్థానంలో నాలుగు వాక్యాలు రాసింది. నిజంగానే రుజువు తేటపడింది. ఇట్లాంటి గైడు దొరకడం తన అదృష్టమని ఆరేళ్లలో ఆమె అనుకోని రోజు లేదు.

సారు భార్య అమరావతమ్మ కాఫీ తెచ్చి పెట్టి, గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. "ఇన్నేండ్లుగా వస్తాండావు, ఏం జేస్తాండారో నాకు ఇప్పటికీ తెలీదు. ఇంత గూట్లో పెట్టి పూజ చేస్తాండానే, అందులో ఏముండాదో చెప్పమ్మా," అంది.

"నా దగ్గర ఒక అంకె ఉందనుకోండమ్మా, మీ దగ్గర ఇంకొకటి. నాది మీకు తెలియాల, మీది నాకు. మధ్యలో సారు. ఆయన ఒక్కసారే నోరు తెరవొచ్చు. ఎవరిది చెబుతారు?"

"ఎవురిదో ఒకరిదే గదా."

"రెండూ కూడి మొత్తం చెప్పేస్తే సాలు. మీరు మీది తీసేస్తే నాది మిగులుతుంది. నేను నాది తీసేస్తే మీది."

అమరావతమ్మ వేళ్ల మీద లెక్క చూసుకుని తృప్తిగా నవ్వింది. "దోవన పోయేవాడు ఆ మొత్తం వింటే?"

"వాడికేం తెలీదు. రెండిట్లో ఒకటి ముందే దగ్గరుండే వాళ్లకే అది పనికొచ్చేది."

అట్లా మధ్యలో కూర్చునేవాళ్లు వందలమంది ఉంటే ఒక్కొక్కరికి ఎంత లెక్క చేతనవ్వాలన్నది మునీశ్వరి పట్టుకున్న ప్రశ్న. అందరూ అనుకున్నదానికంటే చాలా తక్కువ చాలునని ఆమె రుజువు చేసింది. ఆ సంగతి చెబితే అమరావతమ్మ, "మంచిదే గదా, మనుషులు తక్కువ కష్టపడతారు," అని లోపలికి వెళ్లిపోయింది.

వరండాలో ఇద్దరే మిగిలారు. మునీశ్వరి కాఫీ గ్లాసును రెండు చేతులా పట్టుకుంది.

"సార్, ఆ యూరప్ వాళ్లిద్దరూ పోయినేడు కాన్ఫరెన్సులో చెప్పింది సూస్తే... ఈ దోవలోనే వస్తాండారు అనిపిస్తాంది."

"రానీలేమ్మా. దోవ మంచిదని గుర్తు."

"మా కాలేజీలో కూడా అడగతాండారు సార్, పేపరు యాడికి వచ్చిందని."

"తయారైందని చెప్పు."

"గడువు కూడా సార్, ఏప్రిల్‌కు..."

"ఏప్రిల్‌కు శానా టైముండాది. మూఢం పోనీ. విజయదశమి రోజు పంపుదాం, ఎదురు లేకుండా పోతుంది." ఆయన ఎంత ఆప్యాయంగా అన్నారంటే, ఆమె నోట్లో నానుతున్న మాట కరిగి కడుపులోకి పోయింది.

వచ్చేటప్పుడు అమరావతమ్మ బొట్టు పెట్టి రవికె గుడ్డ, తాంబూలం చేతిలో పెట్టింది. పేపరు తాలూకు ఫైలు మునీశ్వరి ఫ్లాపీలోనే ఉంది. సారుకు టైపు కొట్టడం చేతకాదు కాబట్టి ఆయన ఈమెయిలు పాస్‌వర్డు కూడా ఆమె పెట్టిందే. ఏ ఇంటర్నెట్ సెంటరులోనో అయిదు నిమిషాలు కూర్చుంటే అయిపోయే పని. గైడు మాట దాటి పంపడం అన్న ఆలోచనను ఆమె అక్కడితోనే ఆపేసింది. బస్సులో ఫ్లాపీ ఉన్న సంచిని ఒళ్లో పెట్టుకుని పుంగనూరు దాకా కళ్లు మూసుకుంది.

*

విజయదశమి నాడు పంపిన పేపరుకు జవాబు ఫిబ్రవరిలో వచ్చింది. మదనపల్లె బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరులో ఉత్తరం పైనుంచి కిందికి కొద్దికొద్దిగా తెరుచుకుంటోంది. మొదట సారు పేరు, తర్వాత ఆమె పేరు, తర్వాత పత్రిక సంపాదకుడి నమస్కారం. "మీ రుజువు సరైనది" అన్న వాక్యం రాగానే ఆమె కుర్చీ అంచుకు జరిగింది. "చాలా చక్కనిది కూడా" అన్న మాట చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. అక్కడ తెర కాసేపు ఆగిపోయింది. సెంటరు కుర్రాడు వచ్చి ఏదో నొక్కి వెళ్లాడు.

మిగతాది కూడా వచ్చింది. ఇదే ఫలితం డిసెంబరు సంచికలో అచ్చయింది, కాబట్టి దీన్ని కొత్తదిగా తీసుకోవడానికి వీలుకాదు, విచారిస్తున్నాము.

ఆ డిసెంబరు పేపరును వెతికి తెరిచింది. యూరప్ వాళ్లిద్దరిదే. మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, అది పత్రికకు అందిన తేదీ ఉంది. ఆగస్టు ఆఖరు. ఆ తేదీకి తన పేపరు వక్క కింద రెండు నెలలుగా పడుకుని ఉంది. జూన్‌లో పంపి ఉంటే వాళ్లు తన పేరు చెప్పుకుని మొదలుపెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు తాను వాళ్ల పేరు చెప్పుకుని ఊరుకోవాలి. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు, కోపం తెచ్చుకుందామన్నా ఎదురుగా ఒక్క మనిషీ లేడు. రెండూ ప్రింటు తీయించుకుని సంచిలో పెట్టుకుంది. బస్టాండులో పుంగనూరు బస్సు కళ్లముందే వెళ్లిపోతున్నా ఎక్కాలని తోచలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త నరేంద్రకు చెప్పింది. నరేంద్రకు పుంగనూరులో ఎరువుల అంగడి ఉంది. ఇంట్లో ఏ కష్టం వచ్చినా దానికి ఎవరి దగ్గరికి పోవాలో ఆలోచించే మనిషి అతను.

"మన దాంట్లో తప్పేమన్నా ఉండాదా?"

"లేదు. శానా బాగుందనే రాసినారు."

"మరి యాల వద్దన్నారు?"

"ముందర వాళ్లు చెప్పేసినారు."

"వాళ్లది సూసి రాసినావా నువ్వు?"

"లేదు."

"ఆ మాట రాసి పంపు. జూన్‌లోనే అయిపోయిందని సారు సంతకం పెట్టి ఇస్తాడు గదా."

"దేవుడి గూట్లో పెట్టుకున్నామని రాయల్లా?"

నరేంద్ర అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. గంగులమ్మ కోడలి కంచంలో ఊరిబిండి పచ్చడి వేస్తూ, "తినుమే. ఆ పొద్దు సంగటి మాడబెట్టింది దీనికేనా," అంది. ఎద్దేవా చేద్దామని కాదు. అయినా మునీశ్వరికి అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటతో వచ్చేసింది. కంచం ముందునుంచి లేవలేదు, కళ్లు తుడుచుకోలేదు, అట్లాగే తింది.

మర్నాడు క్లాసులో సమాచార సిద్ధాంతం మొదటి పాఠం. ప్రతి ఏడూ చెప్పేదే. ఒక కబురుకు విలువ అందులో ఉన్న కొత్తదనాన్ని బట్టి ఉంటుంది. "మదనపల్లెలో టమాటా దొరుకుతుందని ఎవరైనా పరిగెత్తుకుంటూ వచ్చి మీకు చెబితే, అందులో సమాచారం ఎంత?" అని అడిగింది. వెనక బెంచీ నుంచి "సున్నా మేడమ్" అన్నారు, అందరూ నవ్వారు. ఆమె బోర్డు మీద సున్నా రాసింది. తన ఆరేళ్లకు కూడా పత్రికవాళ్లు అదే మార్కు వేశారు, పైగా న్యాయంగానే వేశారు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, మిగతా పాఠం పుస్తకంలోంచి చదివింది.

ఇక సారుకు చెప్పడం ఒకటి మిగిలింది. ఆయన ఈమెయిలు పెట్టె ఆయన తెరవరు కాబట్టి ఈ కబురు ఆమె నోటి నుంచే పోవాలి. ఫోనులో చెప్పడానికి మనసొప్పలేదు.

*

శనివారం మొదటి బస్సుకు బయల్దేరింది. దారి పొడవునా ఆమె సారు మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నం చేసింది. పలమనేరు దాకా తెచ్చుకోగలిగింది. ఆ తర్వాత, పోయినేడు తనకు జ్వరం వస్తే ఆ వయసులో ఆయన బస్సెక్కి పుంగనూరు వచ్చి, మంచం పక్కన కూర్చుని తప్పులు దిద్దిపోయిన సంగతి గుర్తొచ్చింది. కుప్పంలో దిగేసరికి కోపం కాస్తా ఆయనకు ఈ మాట ఎట్లా చెప్పాలా అన్న దిగులుగా మారిపోయింది.

సారు వరండాలోనే ఉన్నారు. గోడకు ఉన్న నల్లబల్లను తడిగుడ్డతో తుడుస్తున్నారు. ఆమె మొహం చూసి గుడ్డ పక్కన పెట్టి కూర్చున్నారు. ఆమె ఉత్తరం ఇచ్చింది, దానిమీద రెండో పేపరు పెట్టింది.

ఆయన ఉత్తరం రెండుసార్లు చదివారు. తర్వాత ఆ రెండో పేపరు పట్టుకుని, అలవాటు కొద్దీ జేబులోంచి పెన్సిలు తీశారు. మొదటి పేజీ నుంచి చివరిదాకా, ఒక్కో వాక్యమూ ఆగి ఆగి చదివారు. మధ్యలో ఒకచోట "అబ్బ" అనుకున్నారు, మెచ్చుకోలుగానే. ఆ గొంతు మునీశ్వరికి తెలుసు. ఇదే గొంతుతో జూన్‌లో తన పేపరు చదివారు.

"మన మూడో మెట్టు వీళ్లకంటే శుభ్రంగా ఉండాదమ్మా," అన్నారు చివరికి.

"అవును సార్."

ఆయన మళ్లీ మొదటి పేజీకి వచ్చారు. పెన్సిలు కొస ఆ చిన్న అక్షరాల తేదీ మీద ఆగింది. తల ఎత్తి ఇంట్లో దేవుడి గూటి వైపు చూశారు. ఆయన మొహం అంత ముసలిదని ఆమె ఎప్పుడూ గమనించలేదు.

"యాల చెప్పలేదమ్మా?"

ఆమెకు అర్థం కాలేదు.

"వాళ్లు వస్తాండారని నీకు తెలిసినప్పుడు యాల చెప్పలేదు నాకు?"

"చెప్పినా సార్. ఆగస్టులో వచ్చినప్పుడు. యూరప్ వాళ్లు ఇదే దోవలో వస్తాండారని..."

"అది చెప్పడమా? అది కబురు. పంపేద్దాం సార్ అని ఒక్క మాట అనింటే నేను కాదంటానా? ఫైలు నీ దగ్గరుండె, పాస్‌వర్డు నీ దగ్గరుండె. నేను ముసిలోణ్ణి, క్యాలెండరు సూస్తాను. నువ్వు చెప్పల్ల గదా." ఆయన గొంతులో నింద లేదు. నిజంగా తెలియక అడుగుతున్నారు. "ఆరేండ్లు నీకు నేను నేర్పింది అదే గదమ్మా. ఊహించుకోమని వదలొద్దని."

మునీశ్వరి కింద గచ్చు వైపు చూస్తూ కూర్చుంది. ఇంతకు ముందు పోయింది పేపరు ఒక్కటే. ఇప్పుడు తప్పు కూడా తన ఒళ్లోకి వచ్చి పడింది. ఆ రోజు తాను చెప్పదలుచుకున్న మాటను భయంతోనూ మర్యాదతోనూ కలిపి, కూడిక చేసి ఆయన చేతిలో పెట్టింది. తన భయమెంతో ఆయనకు ముందే తెలిసుంటుందనీ, అది తీసేసి మిగతాది చూసుకుంటారనీ అనుకుంది. ఆయన దగ్గర ఆ రెండో అంకె లేదు. తెలిసిన పాఠాన్నే తాను తప్పింది. ఒక్క మాట అని ఉంటే. ఆ 'ఉంటే' అనే మాట ఇక చచ్చేదాకా తన వెంట వస్తుందనిపించింది.

సారు లేచారు. నల్లబల్లను మళ్లీ ఒకసారి, మూలల దాకా తుడిచారు. "అయిందేదో అయింది. మన మూడో మెట్టు వాళ్ల దగ్గర లేదు. దాన్ని పట్టుకుంటే, మధ్యలో కొన్ని తీగలు తెగిపోయినా కబురు చేరుతుందా అన్న ప్రశ్నకు దోవ దొరకతాది. అది ఎవురూ ముట్టుకోలేదు. గడువు సంగతి నేను యూనివర్సిటీకి పోయి మాట్లాడతాను. ఎప్పుడు మొదలు పెడదాం? ఈసారి నువ్వే చెప్పు."

ఆమె తల ఎత్తింది. ఆరేళ్లలో ఆయన ముందు ఒక్క వాక్యాన్నీ చుట్టూ తిప్పకుండా చెప్పింది లేదు. ఇప్పుడు మాట తిన్నగా వచ్చింది.

"ఈ రోజే సార్. ఇప్పుడే."

సారు మొహం విప్పారింది. "అట్ల చెప్పల్ల," అన్నారు. చేతికి దొరికిన సుద్దముక్క తీసుకుని, నల్లబల్ల మీద పై మూల మొదటి చుక్క పెట్టడానికి చెయ్యి ఎత్తారు. మునీశ్వరి కుర్చీలోంచి లేచి ఆయన పక్కకు వచ్చి నిలబడింది.

"శనివారం," అంది అమరావతమ్మ వంటింట్లోంచి, మామూలుగా, పోపు వేస్తూనే. "తొమ్మిది దాటింది."

సారు చెయ్యి గాల్లోనే ఆగింది. ఆయన గడియారం వైపు చూశారు, మునీశ్వరి వైపు తిరిగి మెత్తగా నవ్వారు.

"రాహుకాలమమ్మా. పదిన్నర దాకా ఆగుదాం. ఎంతసేపు, కాఫీ తాగేలోపల అయిపోతాది."

"సార్, నేను ఇప్పుడే అన్నాను."

"అన్నావు గదా, అందుకేగా ఈ రోజే అనుకునింది. రాహుకాలం పోనీ." సుద్దముక్కను పిడికిట్లో పెట్టుకుని ఆయన కుర్చీలో కూర్చున్నారు. తాను ఏం చేశారో ఆయనకు తెలియదు. కొద్దిసేపటి కింద తాను అడిగిన ప్రశ్నకు ఇప్పుడు తానే జవాబు చెప్పానని ఆయనకు ఎప్పటికీ తెలియదు. ఆ కళ్లలో ఉన్నది ఆమె మీద ప్రేమ, రాబోయే పని మీద ఉత్సాహం, అంతకుమించి ఏమీ లేదు.

మునీశ్వరి నిలబడే ఉంది. చెప్పి ఉన్నా ఇంతే. ఆగస్టులో నోరు తెరిచి, స్పష్టంగా, నాలుగు వాక్యాల్లో చెప్పి ఉన్నా ఇంతే. ఆ సంగతి తెలిశాక గుండె మీది బరువు ఒకటి దిగిపోయింది. దిగిపోయినందుకు సంతోషించాల్సింది పోయి, ఆమెకు ఆ బరువే నయమనిపించింది. తప్పు తనదైతే ఈసారైనా దిద్దుకోవచ్చు.

చెయ్యి చాచి ఆ సుద్దముక్క తీసుకోవచ్చునని ఒక్క క్షణం అనిపించింది. ఆయన కాదనరు కూడా. నొచ్చుకుంటారు, అంతే. అమరావతమ్మ కాఫీ గ్లాసు తెచ్చి ఆమె చాచని చేతిలో పెట్టింది.

ఆమె కుర్చీ లాక్కుని సారు పక్కన కూర్చుంది. ఇద్దరూ కాఫీ తాగారు. సారు తీగలు తెగిపోవడం గురించి ఏదో చెప్పబోయి, అది కూడా మొదలుపెట్టినట్టే అవుతుందని కాబోలు, ఊరుకున్నారు. తడి ఆరిపోయి నల్లబల్ల శుభ్రంగా ఉంది. పదిన్నర కావడానికి ఇంకా చాలా టైముంది.